లోపలి ఇసుక

ఎక్కడైనా నలుగురు గుంత తవ్వుతున్నారంటే చాలు, జనానికి బంగారమే గుర్తొస్తుంది! పాతరాతియుగం మనుషులు తిరిగిన చోట పురావస్తు పరిశోధకుడు ఆశీష్ తవ్వించిన గుంతకూ అదే గతి పట్టింది. మట్టిపొరలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా నల్ల టేపు చుట్టి పెడితే, భూమి యజమానికి మనసాగలేదు. మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మూత విప్పాడు. చెంచాతో గెలికాడు. వట్టి ఇసుకేనని తెలిసి మళ్లీ కూరిపెట్టాడు. తర్వాత వానలకు గుంత కూలింది, దాని మీద ప్లాట్లు పడ్డాయి. చివరికి మిగిలింది ఆ ఒక్క గొట్టమే.

దాన్ని కార్ఖానా ఏరియాలోని ల్యాబుకు తెచ్చి, ఇసుక వయసు తేల్చే వసుధ ముందు పెట్టి తల పట్టుకున్నాడు ఆశీష్. మట్టి కింద చీకట్లో ఉన్నన్నాళ్లూ ఇసుకరేణువు తన వయసు తనలోనే దాచుకుంటుంది. ఎండ తగిలిందా, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నాలుగేళ్ల కష్టం గంగలో కలిసింది, పారేద్దామన్నాడు.

వసుధ తలుపు మూసి, ఇసుకకు హాని చేయని ఎర్రబల్బు వేసింది. ఆ ఎరుపులో నిలబడితే ఆమెకు నాయిన బ్రహ్మచారి నడిపిన ఫోటో స్టూడియో, డార్క్‌రూములో మందునీళ్ల పులుపు వాసన గుర్తొస్తాయి, ప్రాణం అక్కడికే లాగుతుంది.

అప్పుడు ఆమెకు ఆరేళ్లు. అమ్మ విమలమ్మ పోయి వారమైంది. అమ్మ ఫోటోలు ఇంకా కెమెరాలోనే ఉన్నాయని నాయిన ఎవరితోనో అంటుంటే వింది. అమ్మను చూద్దామని వాకిట్లో కెమెరా తెరిచింది, పిచ్చిపిల్ల. నాయిన ఉరికొచ్చి మూశాడు. కొడతాడనుకుంది, కొట్టలేదు.

"పైచుట్లకే ఎండ తగిలింది బిడ్డా. అమ్మను ముందుగాల తీసిన. లోపలి చుట్ల ఉంటది, జెర ఆగు."

రీలు కడిగి, ఎర్రబల్బు కింద కాగితాన్ని మందునీళ్లలో ముంచాడు. ముందు జడ తేలింది, తర్వాత నవ్వు. వాళ్లింట్లో అమ్మ ఫోటో ఇప్పటికీ అదొక్కటే.

వసుధ గొట్టంలో గెలికిన ఇసుకంతా తీసేసింది. బిగిసిన ఇసుక తగిలాక, ఇంకో రెండు వేళ్ల మందం కూడా వదిలేసింది.

"పైదే పోయింది ఆశీష్. లోపలిది ఉంటుంది, జెర ఆగు."

వారాలు పట్టింది. ఆ ఇసుక చివరిసారి ఎండ చూసి లక్షా ఇరవై వేల ఏళ్లు, కొంచెం అటూ ఇటూగా. ఆశీష్ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం వసుధ మౌలాలిలోని నాయిన ఇంటికి వెళ్లి అంతా చెప్పింది. లక్ష ఏళ్ల సంగతి ఆయన పట్టించుకోలేదు. గోడ మీది ఫోటోనే చూస్తూ కూర్చున్నాడు.

"లోపలిది అట్లనే ఉన్నదా?"

"ఉన్నది నాయినా. నువ్వన్నట్టే."

"ఆ రోజు నాకు గూడ నమ్మకం లేకుండె బిడ్డా. నువ్వు ఏడుస్తవని అట్ల అన్న."

ఆశీష్‌తో అన్నప్పుడు తనకూ నమ్మకం లేదని చెప్పబోయి, వసుధ ఏడ్చేసింది.