సీసా కింద కొవ్వొత్తి

నాలుగో తరగతి పిల్లలకు సైన్సు చెప్పడమంటే లెస్యా బోడ్నార్‌కి ప్రాణం. ఆ ఇష్టం పక్కవాళ్ల ప్రాణం తీస్తుందనీ ఆమెకు తెలుసు. పెళ్లివిందులో ఎవరైనా కాఫీలో పంచదార కలిపితే చాలు, అదెందుకు కరుగుతుందో మొదలుపెట్టేది. కెనడాలో, మానిటోబాలోని ఆ చిన్న ఊళ్లో ఆమె పక్క కుర్చీ అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది.

తరగతి గోడ మీద "నేను చెప్పానని నమ్మకండి, మీరే చూడండి" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది. పద్నాలుగేళ్లలో ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అన్నాళ్లూ ఆమె పరువు నిలబడింది. ఆ సంగతి ఫిబ్రవరిలో ఒక మంగళవారం బయటపడింది.

ఆ రోజు హెడ్మాస్టరు మెక్‌ఫెయిల్ పాఠం చూడడానికి వచ్చి, పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. లెస్యా తనకు బాగా పేరు తెచ్చిన ప్రయోగాన్నే ఎంచుకుంది. పళ్లెంలో నీలం రంగు నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద వెడల్పు మూతి గాజు సీసా బోర్లించింది. కాసేపటికి మంట ఆరిపోయింది. నీళ్లు సీసాలోకి ఎక్కాయి.

"చూశారా, మంట ఆక్సిజన్‌ని తినేసింది. ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి" అంది, ఆక్సిజన్‌ని తనే కనిపెట్టినంత ధీమాగా.

జోసెట్ చెయ్యెత్తింది. నెలకోసారి నోరు విప్పే పిల్ల.

"టీచర్, మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు. ఆరిపోయాకే గబగబా ఎక్కాయి. మంట తినేస్తుంటే, తినేటప్పుడే కదా ఎక్కాలి?"

"మంచి ప్రశ్న" అంది లెస్యా. జవాబు తెలియనప్పుడల్లా ఆమె నోటికొచ్చే మాట అది. "నీళ్లకి కాస్త టైము పడుతుందమ్మా."

"ఎందుకు?"

"నీళ్లు బరువు కదా."

మాట జారాక చెవులు వేడెక్కాయి. వెనక మెక్‌ఫెయిల్ తలూపుతూ ఏదో రాసుకున్నాడు. పాఠమయ్యాక చూస్తే "వివరణ చాలా స్పష్టంగా ఉంది" అని ఉంది. తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

ఇంటికి రాగానే కోటైనా విప్పకుండా వంటగది బల్ల మీద పళ్లెం పెట్టింది. ముందు ఒక కొవ్వొత్తి, తర్వాత అదే సీసా కింద మూడు. సీసా అదే, అందులో పట్టే గాలీ, ఆక్సిజనూ అంతే. కానీ మూడు కొవ్వొత్తులతో నీళ్లు రెట్టింపు ఎత్తుకు ఎక్కాయి. సీసా బోర్లించేటప్పుడు అంచు కిందనుంచి బుడగలు బయటికొచ్చాయి. పద్నాలుగేళ్లుగా ఆ బుడగలు వస్తూనే ఉన్నాయి. ఆ సమయంలో ఆమె పిల్లల మొహాల్లో తన గొప్పతనం వెతుక్కుంటూ ఉండేది.

"రాత్రి భోజనానికి పెరోగీలు ఎప్పుడు ఉడికిస్తావ్?" అని భర్త స్టెఫన్ తొంగిచూశాడు. "అది మా అమ్మిచ్చిన పళ్లెం కదా."

"మీ అమ్మ పళ్లెంలోనే నా పాఠం మునిగిపోయింది స్టెఫన్. ఇన్నేళ్లూ తప్పు చెప్పాను. ఏడాదికి పాతికమందికి."

"మన అమ్మాయి కేటరినా కూడా నీ క్లాసులోనే చదివిందిగా."

"చదివింది."

"అదిప్పుడు ఇంజనీరు."

"అదైనా నాకు చెప్పి ఉండాల్సింది" అంది లెస్యా.

మర్నాడు మంచులో కారు నడుపుతూ, ఏమీ జరగనట్టు రాళ్ల పాఠంలోకి వెళ్లిపోదామా అని నిజంగానే ఆలోచించింది. పిల్లలు మరిచిపోయి ఉంటారు. హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు కూడా. బడి దగ్గర కారాపేసరికి ఆ ఆలోచన దాదాపు ఖాయమైపోయింది. కానీ జోసెట్ మెట్ల మీదే నిలబడి ఉంది, చేతిలో నాలుగు పుట్టినరోజు కొవ్వొత్తులతో.

"ఎక్కువ కొవ్వొత్తులు పెడితే ఏమవుతుందో చూద్దామా టీచర్?"

సీసా జోసెట్ చేతికే ఇచ్చింది లెస్యా. బుడగలు రాగానే తరగతంతా పళ్లెం మీదికి వంగింది. వేడికి గాలి ఉబ్బి బయటికి పోతోందని, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుందని, అందుకే నీళ్లు ఎక్కుతాయని పిల్లలు తమలో తామే వాదించుకుని తేల్చారు. లెస్యా నోరు మూసుకుని కూర్చుంది. ఆమె ఉద్యోగంలో అదే అన్నిటికంటే కష్టమైన పావుగంట.

"మరి నిన్న బరువన్నారు?" అన్నాడొక కుర్రాడు.

"నిన్న నాకు తెలియదు. తెలియదని చెప్పలేక అలా అనేశాను."

"మా నాన్నా అంతే టీచర్" అన్నాడు వాడు, ఓదార్పుగా.

శనివారం కిరాణా దుకాణంలో మాంసం కోసి అమ్మే బల్ల వెనక, పనిలో ఉన్న ట్రెంట్ కనిపించాడు. పదేళ్ల కిందటి శిష్యుడు. లెస్యా అక్కడే నిలబడి, ఆ కొవ్వొత్తి పాఠం తప్పని చెప్పి క్షమాపణ అడిగింది.

"కొవ్వొత్తి పాఠమా? నాకేం గుర్తులేదు టీచర్. మీ స్వెట్టర్ చేతికి నిప్పంటుకోవడం మాత్రం గుర్తుంది. మా క్లాసు డెరెక్ చేపల తొట్టి ఎత్తి మీ మీద కుమ్మరించాడు, చేపతో సహా. అదీ ప్రయోగంలో భాగమేనని మీరు మాకు చెప్పారు." గొంతు తగ్గించాడు. "నిజంగా భాగమేనా టీచర్?"

లెస్యా వెనక్కి తిరిగి చూసింది. వరసలో నలుగురున్నారు. అందరూ వింటున్నారు.

"కాదు ట్రెంట్" అంది. "అరకిలో సాసేజ్ ఇయ్యి."