ఖద్దామాల బిడ్డల స్కాలర్‌షిప్

ఓబులమ్మ పదిహేనేళ్లుగా రియాద్‌లో ఒక సౌదీ కుటుంబానికి వంట చేస్తోంది. రాయచోటి పక్క పల్లె ఆమెది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సెలవు. ఆ కాస్త సమయంలోనే తనలాంటి మరో పదిమంది ఆడవాళ్లను కూడగట్టి, ఊళ్లో ఇంటర్ రెండో ఏడు చదివే తమలాంటి వాళ్ల ఆడపిల్లలను కాలేజీకి పంపే పని నెత్తికెత్తుకుంది. ఇంటిపని చేసే ఆడవాళ్లను అక్కడ ఖద్దామా అంటారు. ఊళ్లో ఆ మాట తిట్టయి కూర్చుంది. అందుకే ఓబులమ్మ పట్టుబట్టి స్కాలర్‌షిప్‌కు ఆ పేరే పెట్టింది. దరఖాస్తుకు నియమం ఒక్కటే: మీ అమ్మ ఏం పని చేస్తుందో ఉన్నదున్నట్టు రాయాలి.

ఈసారి ఆరు దరఖాస్తులు వచ్చాయి. రియాద్‌లోని బత్హా బజారులో ఒక హోటల్ పై గదిలో అందరూ కూర్చున్నారు. వాళ్లలో పదో తరగతి దాకా చదివిన హమీదున్నీసా ఫోన్‌లో చూసి ఒక్కొక్కటే చదువుతోంది. అన్నింట్లోకీ మంచి మార్కులు అయేషావి. లా చదువుతానని రాసింది. ఆ కిందే ఇంకో వాక్యం: "మా అమ్మ హసీనా రియాద్ ఆసుపత్రిలో నర్సు."

హసీనా అక్కడే, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పొద్దు కూడా ఆరుగురు పిల్లలున్న ఇంట్లో బట్టలుతికి, గచ్చు తుడిచి వచ్చింది.

"నేనే చెప్పమన్న్యా," అంది తలెత్తకుండా. "ఎనిమిదో తరగతిలో ఏడ్చుకుంటా ఫోన్ చేసింది. ఖద్దామా కూతురని పిల్లోళ్లు ఎగతాళి చేసినారంట. నర్సని చెప్పుకో పాపా అన్న్యా."

అంతలో ఓబులమ్మ ఫోన్ మోగింది. రియాద్ తెలుగు సంఘం అధ్యక్షుడు భూషణం. స్పీకర్ పెట్టింది.

"ఈ ఏడాది మీ స్కాలర్‌షిప్ మన వార్షికోత్సవం స్టేజీ మీదే ఇద్దామమ్మా. పెద్దవాళ్లు వస్తున్నారు. పేరు ఒక్కటి మార్చండి. ప్రవాస మహిళా విద్యానిధి అందాం. ఆ మాట బ్యానర్ మీద బాగుండదు."

"ఏ మాట సార్?"

"అదే... మీకు తెలుసు కదా."

"నోటితో అనేకే మీకు అంత కష్టంగా ఉంటే, మేము దాన్ని మోసుకోని బతుకుతాండామే! పేరు మారదు సార్. మీ స్టేజీ మీకే ఉండనీండి."

ఫోన్ పెట్టేసింది. ఆ మాట విని హసీనా తన ఫోన్ తీసి, అందరి ముందే కూతురికి కలిపింది.

"అయేషా, ఆ ఫారం మళ్లీ రాయి. నర్సు కొట్టేసి ఖద్దామా అని రాయి."

"అయిదేండ్లు నర్సని చెప్పించి ఇప్పుడు మార్చమంటావా? రేపు క్లాసులో మొకం ఎట్ల చూపించేది? నాకీ స్కాలర్‌షిప్పే వద్దు పో."

"వద్దంటే మానుకో, నీ ఇష్టం. నేను మాత్రం ఈ పొద్దు నుంచి నర్సును కాను. మీ సార్లకు, వీధిలో అందరికీ నేనే ఫోన్ చేసి చెప్తా. నేనేమీ దొంగతనం చేయలా. నిన్ను దాచుకోమన్న్యా చూడు, అదీ నేను చేసిన తప్పు."

అవతల ఫోన్ కట్టయింది.

"రాయకపోతే మీ పాపకు రాదు హసీనా," అంది ఓబులమ్మ మెల్లగా.

"ఇమ్మని నేనడగలేదు కదక్కా."

అన్నట్టే హసీనా కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి చెప్పింది. పక్కింటివాళ్లకూ చెప్పింది. అయేషా నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. అయిదో రోజు కొత్త ఫారం వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, పార్కులో చాపలు పరిచి పదకొండు మందీ ఫోన్ చుట్టూ చేరారు. వీడియో కాల్‌లో అటువైపు రాయచోటి కాలేజీ హాలు, స్కాలర్‌షిప్‌లు ఇచ్చే సభ. ఎంపికైన ముగ్గురిలో చివరిగా అయేషా మైకు ముందుకు వచ్చి, తాను రాసింది చదివింది.

"మా అమ్మ ఖద్దామా. నేను పుట్టినాక ఆమెను మొత్తం కలిపి ఏడాది కూడా చూడలేదు. మొదట పనిచేసిన ఇంట్లో రెండేళ్లు ఆమె పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఎవరిని అడగాలో అమ్మకు తెలియలేదు. అది తెలుసుకోవడానికే లా చదువుతాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అయేషా ఆగి, అటే చూసింది.

"నవ్వడం అయిపోయిందా? ఇంకా చదవాల్సింది ఉంది."

హసీనా ఫోన్ దగ్గరికి జరిగి, "గట్టిగా చదువు పాపా!" అని అరిచింది. పక్కన టీ తాగుతున్న సూడానీ ఆడవాళ్లు తిరిగి చూశారు. అయేషా గొంతు పెంచింది.

ఆ ఏడు తిరుపతిలో ఆమెకు లా సీటొచ్చింది. అప్పటికే ఆమె చదివిన వీడియో ఫోన్ల మీద చాలా దూరం పోయింది. భూషణం మళ్లీ ఫోన్ చేశాడు.

"పేరు ఏదైనా సరేనమ్మా. వచ్చేసారి మా స్టేజీకే రండి."

"మేము రాము సార్, మీరే రాండి," అంది ఓబులమ్మ. "పార్కులో చోటు చానా ఉండాది. మీ ఇంట్లో పనిచేసే ఆయమ్మకు సెలవిచ్చి, ఆమెను కూడా పిల్చుకోని రాండి."