నాలుగు వేళ్ల ఎడం

శివపార్వతి చీరల షాపు సంచిలోంచి రెండున్నరేళ్ల కిందటి ఎక్స్‌రే తీసి బల్ల మీద పెట్టింది. డాక్టర్ పూర్ణచంద్రరావు దాన్నీ, ఇవాళ తీసిన ఎక్స్‌రేనీ పక్కపక్కన పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. బయట వరండాలో ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. అయినా ఆయన తొందరపడలేదు. ఆ తొందరపడకపోవడం చూసే శివపార్వతికి సంగతి సగం అర్థమైంది.

"ఆపరేషన్‌కి డేటు కూడా ఇచ్చాను కదమ్మా అప్పుడు. ఎందుకు రాలేదు?"

బెంజ్ సర్కిల్ దగ్గర చీరల షాపులో పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడి, నెలకి పదకొండున్నర వేలకి చీరల మడతలు విప్పి చూపించే మనిషి ఆమె. ఎంత నసపెట్టేవాళ్లకైనా నవ్వుతూ జవాబు చెబుతుంది. ఈ ప్రశ్నకి మాత్రం తల వంచుకుని ఖాళీ సంచిని మడత పెట్టసాగింది.

పక్కన నిలబడ్డ సాయిశ్రీకి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. నిలబడితే మోకాళ్లు రెండూ ఒకదానికొకటి ఆనుకుంటాయి, పాదాలు ఎడంగా ఉండిపోతాయి. నడిస్తే మోకాళ్లు రాసుకుంటాయి. ఈ ఏడాది నుంచి మేడమెట్లు ఎక్కితే నొప్పి కూడా మొదలైంది.

"ఇదిగో, పాత దాంట్లో మోకాలి దగ్గర ఈ నల్లగీత చూశారా? ఎముక ఎదిగే చోటు అది. అప్పుడైతే లోపలి వైపు చిన్న ప్లేటు బిగించేవాళ్లం. ఆ వైపు ఎదుగుదల ఆగేది, బయటి వైపు ఎదుగుతూ కాలు దానంతటదే తిన్నగా వచ్చేది. ఇప్పుడు గీత లేదు. మూసుకుపోయింది."

"ఇంకేం చెయ్యలేమాండీ?"

"చెయ్యొచ్చు. ఎముక కోసి సరిచేసి అతకాలి. అది పెద్ద ఆపరేషన్. ఒక కాలయ్యాక రెండోది. నెలల తరబడి కర్రలతో నడవాలి."

సాయిశ్రీ మొదటిసారి నోరు విప్పింది. "అప్పుడైతే ఎన్ని రోజులు పట్టేదండీ?"

డాక్టరు ఆ పిల్లకేసి చూసి, చూపు తిప్పుకున్నాడు. "మర్నాడే లేచి నడిచేదానివమ్మా."

పిల్ల తలూపింది. లెక్కల మాస్టారు తప్పు దిద్దితే ఎలా తలూపుతుందో అలాగే ఊపింది. తల్లి అది చూడలేకపోయింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని డాక్టరు అడిగాడు. శివపార్వతి కళ్ల ముందు చిన్నకూతురు శ్రీదుర్గ మెదిలింది. తొమ్మిదేళ్లు. అక్కలాగే మోకాళ్లు రాసుకుంటూ పరిగెత్తే పిల్ల.

"సోమవారం తీసుకురండి. చూద్దాం. అవసరమైతే ఆ వారంలోనే చేసేద్దాం."

రెండున్నరేళ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చుని శివపార్వతి, "ఇంట్లో అడిగి చెబుతానండీ" అంది. ఆ మాట ఇవాళ కూడా నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి, "తీసుకొస్తానండీ" అంది.

ఇంటికెళ్లే కంకిపాడు బస్సులో శివపార్వతి రెండు ఎక్స్‌రేలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డబ్బు లేక అప్పటి ఆపరేషన్ ఆగిందంటే ఎవరినో ఒకరిని తిట్టుకోవచ్చు. ఇక్కడ ఆ సుఖం కూడా లేదు. ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద ఉచితంగా చేస్తామన్నారు. ఆపింది ఇంట్లో వాళ్లు, అందులోనూ ఆ పిల్లని అందరికన్నా ఎక్కువ ప్రేమించే మనిషి. శివపార్వతి అత్తగారు నాంచారమ్మ.

"నీ మొగుడికీ చిన్నప్పుడు ఇట్టాగే ఉండేయి. ఆరేళ్లొచ్చేసరికి సర్దుకోలా? ఆడపిల్లకి కాస్త ఆలస్యం. పెద్దమనిషయితే ఒళ్లు సాగుద్ది, కాళ్లు వాటంతటవే తిన్నగవుతాయి. ఈలోపు ఎవరైనా కత్తి పెట్టిస్తారటే!" అందావిడ. కొడుక్కి సర్దుకున్న మాట నిజమే. చిన్నపిల్లలకి చాలామందికి సర్దుకుంటాయి కూడా. ఎనిమిదేళ్లు దాటాక ఇక సర్దుకోవని, పెద్దమనిషయ్యాక ఎముక ఎదుగుదల మూతపడుతుందని ఆవిడకి ఎవరు చెప్పారు? చెప్పిన డాక్టరు మాట ఇంట్లో చెల్లలేదు. మూడెకరాలు కౌలుకి చేసే శివపార్వతి భర్త వెంకటకృష్ణారావు, "అమ్మ ఇంతమందిని పెంచింది, ఆమెకి తెలీదా?" అని చేలోకి వెళ్లిపోయాడు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఆ ఇంట్లో రోజుకోసారి ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, పిల్లలు మాట వినకపోతే. ఎముక దగ్గర ఆ సామెత ఒక్కరికీ గుర్తు రాలేదు.

అలా ఏం జరగాలని ఇల్లంతా ఎదురుచూసిందో అదే జరిగింది. సాయిశ్రీ పెద్దమనిషైంది. తాటాకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు. వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఫోటో మాత్రం నడుము దాకానే వేయించారు. ఆ రోజు నాంచారమ్మ ఆనందం పట్టలేక, "ఇంక చూడు, ఏడాదిలో వంకర పోకపోతే నన్నడుగు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం వేడి నువ్వులనూనె పట్టించి, మనవరాలిని గోడకి ఆనించి నిలబెట్టి, రెండు చీలమండల మధ్య వేళ్లు పెట్టి కొలిచేది. "నాలుగే. అప్పుడూ నాలుగే, పెరగలా" అనేది. వారం వారం నాయనమ్మ వేళ్ల మధ్య సందు పెరుగుతోందని సాయిశ్రీకి తెలుసు. పైనుంచి చూసేది ఆ పిల్లే కదా. కానీ ముసలావిడ అంత ఆశగా కొలుస్తుంటే ఎలా చెబుతుంది?

ఇవాళా శుక్రవారమే. వీళ్లు ఇంటికొచ్చేసరికి నాంచారమ్మ వసారాలో నూనెగిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. వెంకటకృష్ణారావు పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. శ్రీదుర్గ బడి బట్టల్తోనే గడప మీద కూర్చుని జామకాయ కొరుకుతోంది.

"ఏమన్నాడే డాక్టరు?"

శివపార్వతి దాచలేదు. అంతా చెప్పింది. ఎముక కోయాలన్న మాట దగ్గర ఎక్స్‌రే తీసి చూపించింది. నాంచారమ్మ నూనెచేత్తోనే నోరు మూసుకుంది.

"నేను దాని చెడు కోరానా పార్వతీ? నా పాణం పెట్టి పెంచా దాన్ని."

"మీరు కోరారని నేననలేదత్తయ్యా. అడిగొస్తానని చెప్పి రాకుండా ఊరుకుంది నేను. నా పాపమూ ఉంది అందులో." కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అంది. "సోమవారం దుర్గని తీసుకెళ్తున్నా. చెప్పొచ్చా డాక్టరుగారికి."

"ఎవర్నడిగి చెప్పావ్?" అన్నాడు వెంకటకృష్ణారావు పంపు కట్టేసి.

"ఎవర్నీ అడగలా."

పెళ్లయిన పదహారేళ్లలో ఆమె నోటి నుంచి ఆ ఇంట్లో అలాంటి మాట రాలేదు. ఆయన తువ్వాలుతో కాళ్లు తుడుచుకున్నాడు. "మినుము తీసేదాకా ఆగు, ఆలోచిద్దాం" అన్నాడు చివరికి.

"తొమ్మిదేళ్ల పసిదాని మీద కత్తా?" నాంచారమ్మ లేచింది. భయంతో లేచింది పాపం, కోపంతో కాదు. "దీనికి అంత లేదమ్మా. దీనిది వేరు. ఇటు రావే దుర్గమ్మా, గోడకి నిలబడు. మీ అమ్మకి చూపిస్తా."

దుర్గ జామకాయ చేత్తో పట్టుకునే వచ్చి నిలబడింది. నాంచారమ్మ మోకాళ్ల మీద కూలబడి, చిన్న చీలమండల మధ్య మూడు వేళ్లు పెట్టింది. "చూడు, మూడే! మూడంటే మూడే!"

సాయిశ్రీ గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగింది. మోకాళ్లు నొప్పెడితే పళ్లు బిగించి కూర్చుంది.

"నాయనమ్మా, అట్టా కొలవమాకు."

"ఎట్టా కొలిచానే?"

సాయిశ్రీ నూనెతో జారిపోతున్న ఆ ముసలి వేళ్లని తన చేత్తో పట్టుకుంది. వేలుకి వేలు ఆనేలా దగ్గరకి నొక్కింది.

మూడు వేళ్లూ కలిసిపోయి మధ్యలో నిలబడ్డాయి. అటూ ఇటూ ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి వెనక సున్నం గోడ కనపడింది. వెంకటకృష్ణారావుకి కూడా కనపడింది.

"వేళ్లు ఇట్టా దగ్గరగా పెట్టాలి నాయనమ్మా," అంది సాయిశ్రీ, ఏడవకుండా. "నాకు పెట్టలేదు నువ్వు."

పట్టుకున్న చెయ్యి ఆ పిల్ల వదల్లేదు. దుర్గ పైనుంచి వంగి, "అక్కా, ఎన్నొచ్చినయ్యే?" అని అడుగుతోంది.