గవాచిలో గుసగుసలు

మా చెల్లెలు భీమమ్మ, బావ మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయారు. ఇంటికి తాళం పడింది. కూతురు శివజ్యోతిని మా ఊరి బడి హాస్టల్లో వదిలారు. కోసిగి చుట్టుపక్కల పిల్లలకు కోతలు అయ్యేదాకా అదే ఇల్లు.

హెడ్మాస్టరు వీరభద్ర సారు నన్ను పిలిపించి, పిల్లకు టీసీ ఇచ్చి పంపేస్తున్నానన్నాడు. ఆదివారం పొద్దుగూకే వేళ హాస్టల్ గదిలో ఎవరితోనో, పారిపోయి అమ్మ దగ్గరికి పోతానని గుసగుసలాడిందట. ఆయన హాస్టల్ మిద్దె మీద గాలికి కూర్చుని విన్నాడట. ఆ హాస్టల్ పాత మట్టి మిద్దె. వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కంత, గవాచి, ఒకటుంది. కింద ఎవరు దగ్గినా పైకి వినిపిస్తుంది.

"పిల్లలు వాళ్లలో వాళ్లు ఏమో అనుకుంటారు. దానికి బడి మాన్పిస్తారా సార్?"

"రేపు నిజంగా పోతే నా ఉద్యోగం పోతాది గోపన్నా."

టీసీ చేతికొస్తే పిల్ల చదువు అంతటితో సరి. మిరప చేలోకే పోవాలి. అది గోడకు ఆనుకుని నేల చూస్తోంది.

ఆదివారమంతా అది మా ఇంట్లోనే ఉందని, ఉన్న మాటే చెప్పాను. సారు నవ్వాడు. కిందటి నెలలో ఆయన పేరు చెప్పి బడికి సెలవని ఊరంతా చాటింపు వేయించింది నేనే. ఖాళీ బెంచీల ముందు ఆయన ఒక్కడే నిలబడ్డాడు. ఇక నా మాట ఎట్లా నమ్ముతాడు?

"పైకి రాప్పా, ఎట్ల వినపడతాదో నువ్వే విను," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. పిల్లలంతా బడి ముందు అన్నాలకు కూర్చున్నారు. హాస్టల్ గదికి తాళం వేసి ఉంది. శివజ్యోతి ఒక్కతే కింద వాకిట్లో, మాకు కనబడేలా నిలబడింది. గవాచి పక్కన కూర్చుని, సారును ఎట్లా ఆటపట్టిద్దామా అని చూస్తున్నాను.

అప్పుడు లోపలి నుంచి వచ్చింది మాట.

"మిరప ఘాటుకు అమ్మ దగ్గుతాంటాది. నేను పోతా. ఎవురికీ చెప్పను."

శివజ్యోతి గొంతే. వాకిట్లోకి చూశాం. పిల్ల పెదవులు కదలడం లేదు. నేనే గొంతు మార్చి అంటున్నానేమోనని సారు తిరిగి నా నోటివైపు చూశాడు. నోరు తెరిచే ఉంది కానీ అందులోంచి ఊపిరి కూడా రావడం లేదు. కింద గుసగుస ఆగలేదు.

సారు గబగబా కిందికి దిగి టీసీ చించేశాడు.

బడి వైపు నడుస్తూ, ఆ మాటలు ఎవరితో అన్నావని పిల్లను అడిగాను.

"ఎవురితోనూ అనలేదు మామా. ఆదివారం పొద్దు మీ ఇంటికాడ కూర్చోనుండి మనసులో అనుకున్నా. అంతే."

అది నా మొహం చూసి చెయ్యి పట్టుకుంది.

"ఇంక అనుకోనులే మామా."