మళ్ళీ వెలిగేదాకా

"అడగందే అమ్మయినా పెట్టదు. నోరు తెరిచి అడుగు, చాలు," అన్నాడు అన్నయ్య ఫోనులో.

నేను సదస్సు జరిగే భవనం మెట్ల మీద నిలబడి ఉన్నాను. మెడలో పేరు రాసిన కార్డు వేలాడుతోంది.

"అడుగుతాలే అన్నయ్యా."

"ఏమని అడుగుతావు? ఏదీ, నాకు చెప్పు."

"మా ల్యాబు వేసవికి మూసేస్తున్నారు మేడమ్, మీ దగ్గర చోటుంటే నన్ను తీసుకోండి అని."

"బ్రహ్మాండం! నాతో అన్నావుగా, ఆవిడతోనూ అదే అను. నీ దీవులతో అయితే పొద్దస్తమానం కబుర్లు చెబుతావు, మనుషులు కనబడితే మాత్రం నీళ్ళు నములుతావు. సరే, ఉంటా. సూది వేసుకుని భోజనానికి కూర్చోవాలి."

వాడికి ఎప్పుడూ అంతే, ముందు సూది, తర్వాత ముద్ద. బడికి వెళ్ళే వయసులోనే వాడి ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. అది తయారుచేసే కణాలు క్లోమంలో చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. పాఠ్యపుస్తకం వాటిని పుటికలంటుంది, మా ల్యాబులో దీవులంటాం. అన్నయ్య దీవులన్నీ ఎప్పుడో మునిగిపోయాయి. నేను ఈ చదువులోకి వచ్చింది అందుకేనని ఇంటర్వ్యూల్లో ఎక్కడా చెప్పను. చెబితే జాలి పడతారు, జాలి పడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మా గైడు ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. ఆయనతోపాటే ల్యాబు తలుపులు కూడా మూతపడతాయి. ఇంకో ల్యాబులో చోటు దొరక్కపోతే నా మైక్రోస్కోపు ముందు నేనుండను. ఇంకేదో ఉద్యోగం దొరక్కపోదు. కానీ నాకు కావలసింది ఆ చీకటి గది, అందులో వెలిగే దీవులు. అవి లేకుండా ఏం చేయాలో నాకు నిజంగా తెలియదు.

ఆ సదస్సులో మొదటి రోజంతా మాలాంటి కొత్తవాళ్ళ కోసమే. మధుమేహం మీద, హార్మోన్ల మీద పరిశోధన మొదలుపెట్టిన పిల్లకాకులందరినీ ఒకచోట చేర్చి, పైకి రావడం ఎలాగో నేర్పిస్తారు. పొద్దున్న పాఠం చెప్పినాయనకి నేను చిరునవ్వుల మాస్టారని పేరు పెట్టాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని మొదలుపెట్టి, ఒక్క నిమిషంలో మనల్ని మనం ఎలా పరిచయం చేసుకోవాలో నేర్పాడు. ముందు పేరు, తర్వాత పని, ఆ తర్వాత మనకేం కావాలో. వరసలు వరసలుగా కూర్చుని ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం. నా జతగాడు థైరాయిడ్ మీద పనిచేసే కుర్రాడు, మెరిసే టై కట్టుకొచ్చాడు. వాడు ఒక్క తడబాటు లేకుండా చెప్పేసి, "మీరు మరీ నేలతో మాట్లాడుతున్నారండీ," అన్నాడు నాతో. వాడి టై పట్టుకుని గుంజాలనిపించింది. కానీ వాడన్నది నిజమే.

మధ్యాహ్నం అసలు ఘట్టం. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పెద్ద శాస్త్రవేత్త కూర్చుంటారు. మేము ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి పావుగంట మాట్లాడాలి. నిర్వాహకురాలు చేతిగంట వాయించగానే లేచిపోవాలి. నేను కిటికీ పక్క బల్ల కోసం పేరిచ్చాను. అక్కడ కూర్చునేది పెద్దావిడ.

మా రంగంలో పెద్దావిడ అంటే ఇంకెవరని ఎవరూ అడగరు. మనం ఏమీ తినకపోయినా రక్తంలో ఇన్సులిన్ అలలు అలలుగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందనీ, క్లోమమంతా చెల్లాచెదురుగా ఉన్న దీవులు ఒక్క మాట మీద నడుస్తాయనీ ఆవిడ వయసులో ఉన్నప్పుడే చెప్పింది. అప్పుడు నవ్వారట. ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం అది. పరీక్షకి బట్టీపట్టి రాస్తారు, రాసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. బట్టీపట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా వంతు వచ్చింది. బక్కపలచని మనిషి, తెల్లని పొట్టి జుట్టు, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పొద్దున్న నేర్చుకున్న చిలకపలుకులు ఒక్కటి గుర్తుంటే ఒట్టు. ఏం చేయాలో తోచక ఫోను తీసి, నా దీవి వీడియో పెట్టి, ఆవిడ ముఖం ముందుకు చాపాను.

"ఇది... ఇది చూడండి మేడమ్."

ఆవిడ చూపు ఫోను దాటి ఎటో వెళ్ళింది.

"నాకు కనపడదమ్మా," అంది మామూలుగా. "చూపు పోయి చాలా కాలమైంది. వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. ఏముంది అందులో?"

తల కొట్టేసినట్టయింది. ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను.

"దీవి మేడమ్. అవయవదానం చేసినవాళ్ళ క్లోమంలోంచి తీసింది. లోపల కాల్షియం పెరిగితే వెలిగే రంగు వేశాను. వెయ్యికి పైగా కణాలున్నాయి అందులో. చక్కెర నీళ్ళు పోస్తే ఒక అంచున వెలుగు మొదలై రెండో అంచుదాకా పాకుతుంది. అన్నీ వెలుగుతాయి. తర్వాత అన్నీ ఆరిపోతాయి. మళ్ళీ..."

దీవుల మాట ఎత్తగానే నా నోటికి తాళం ఊడిపోయిందని నాకే ఆలస్యంగా తెలిసింది. ఆవిడ చెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి బల్లమీద పెట్టింది.

"చెప్పొద్దు. చూపించు."

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భయమేసింది. పుస్తకం అట్ట మీద నేను బొమ్మగా చూసిన మనిషి చెయ్యి అది. నా వేళ్ళ కొసలు ఆవిడ చిటికెనవేలి వైపు ఆనించి, బొటనవేలి వైపుకి చినుకుల్లా పరుగెత్తించాను. ఆగాను. మళ్ళీ పరుగెత్తించాను. ఆగాను. మళ్ళీ.

"ఇంత తొందరగానా?" అంది ఆవిడ. "వేగం పెంచిన వీడియో కదూ ఇది?"

"అవును మేడమ్. అందరం అలాగే చూస్తాం. ఉన్నది ఉన్నట్టు చూస్తే ఏమీ కదలనట్టుంటుంది."

"ఉన్నది ఉన్నట్టు నువ్వెప్పుడైనా చూశావా?"

ఆవిడకి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"లేదు మేడమ్. రికార్డింగ్ పెట్టేసి టీకి వెళ్ళిపోతాను."

ఆవిడ పకపకా నవ్వింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "నిజాయితీ గల పిల్లవే. సరే, ఇప్పుడు టీ లేదు. అది ఎంతసేపటికి వెలుగుతుందో అంతసేపటికే వెలిగించు నా చేతిలో."

వెలుగుకీ వెలుగుకీ మధ్య ఐదు నిమిషాలు పడుతుంది. నేను గోడ గడియారం చూశాను. ఇప్పటికే కొంత సమయం అయిపోయింది. ఇలా కూర్చుంటే మిగిలింది కూడా అయిపోతుంది. ఇంకా పేరైనా చెప్పలేదు. నా కార్డు ఆవిడకి కనపడదు. ల్యాబు సంగతి, వేసవి సంగతి, చోటు సంగతి ఏదీ పెదవి దాటలేదు. చిరునవ్వుల మాస్టారు చూస్తే గుండాగి చచ్చేవాడు. అన్నయ్య చూస్తే నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు.

అయినా ఆ చెయ్యి అలా తెరుచుకుని ఎదురు చూస్తోంది. నేను వేళ్ళు ఆనించి, ఒక అంచు నుంచి రెండో అంచుకి వెలుగు నడిపించాను. తర్వాత వేళ్ళు కదల్చకుండా ఊరుకున్నాను. ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

చుట్టూ అందరూ మాట్లాడుతున్నారు. కార్డులు చేతులు మారుతున్నాయి, నవ్వులు వినబడుతున్నాయి, ఎవడో కప్పు ఒలకబోసి క్షమించమంటున్నాడు. మొదట్లో ఒక్కో క్షణం నన్ను కొరికింది. కాసేపటికి ఆ కొరుకుడు తగ్గింది. అప్పుడు నాకు తట్టింది, ఇన్నేళ్ళుగా కొలిచి కొలిచి తట్టనిది. ఇది ఇప్పుడు ఇక్కడ జరుగుతోంది. ఈ హాల్లో ప్రతి మనిషి డొక్క వెనకా, ఎవరి ప్రమేయమూ లేకుండా, వెలుగు వచ్చి పోతోంది. కప్పు ఒలకబోసినవాడిలో, గంట పట్టుకున్న నిర్వాహకురాలిలో, థైరాయిడ్ కుర్రాడి మెరిసే టై కింద, ఈవిడలో, నాలో. నిద్రపోతున్నా ఆగదు. కొన్ని లక్షల దీవులు, ఒకదానికొకటి కనపడవు, వినపడవు, అయినా కలిసి ఊపిరి పీలుస్తున్నట్టు. నా గిన్నెలోని దీవి అయితే చనిపోయిన మనిషిది. మనిషి పోయాడు, అది మాత్రం తన వేళకి వెలుగుతూనే ఉంది.

ఇంత నెమ్మదైన పనిని అన్నయ్య సూదితో, అంచనాతో, రోజూ తన చేతులతో చేసుకుంటున్నాడు. చేసుకుంటూ నామీద జోకులేస్తాడు. వాడంటే నాకు ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది.

గడియారం ముల్లు చేరాల్సిన చోటికి చేరింది. నా వేళ్ళు కదిలాయి.

"ఇదే," అంది గొంతు తగ్గించి. "అలకీ అలకీ మధ్య ఇదే దూరం. అప్పట్లో పరగడుపున పడుకుని నా చేతిలోంచే రక్తం తీయించుకునేదాన్ని, నిమిషానికొకసారి. గీత గీస్తే అల కనపడేది. అందరూ కొలతలో తప్పన్నారు. తప్పు అయితే మళ్ళీ మళ్ళీ అదే వేళకి వస్తుందా అన్నాను. ఎవరు వింటారు? మీ మైక్రోస్కోపులు వచ్చేసరికి నా కళ్ళు పోయాయి. దాన్ని నేను లెక్కలో చూశానే గాని, ఇలా ఎప్పుడూ..."

ఇద్దరం ఇంకో వెలుగు కోసం ఎదురుచూశాం.

గంట మోగింది.

కుర్చీలు జరిగాయి. అందరూ లేచారు. నా తర్వాతి వంతు, ఇంకెవరు, థైరాయిడ్ కుర్రాడే. మా బల్ల పక్కకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. నాకు ఏడుపొచ్చేంత పనయింది. పావుగంట అయిపోయింది, అడగాల్సింది అడగనే లేదు. లేవబోయాను. ఆవిడ నా వేళ్ళు వదల్లేదు.

"ఆగు నాయనా," అంది కుర్రాడి వైపు తిరిగి. "ఇంకా రాలేదు."

"ఎవరు మేడమ్?" అంటూ వాడు గుమ్మం వైపు చూశాడు.

ఆవిడ నా చేతిని తిప్పి, అరచెయ్యి పైకి వచ్చేలా పట్టుకుంది. నిర్వాహకురాలు ఇటే వస్తోంది. కుర్రాడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తున్నాడు. ఆవిడ మాత్రం తల కొంచెం వంచి, దేన్నో వింటున్నట్టు కూర్చుంది. ఉన్నట్టుండి ఆవిడ వేళ్ళు నా అరచేతిలో చిటికెనవేలి నుంచి బొటనవేలి దాకా నడిచాయి.

నేను గడియారం వైపు చూశాను. సరిగ్గా ఆ వేళే.

ఆవిడకి గడియారం కనపడదు. ఎవరూ చెప్పలేదు. అన్నేళ్ళ కింద నిమిషానికొకసారి సూది గుచ్చించుకుంటూ నేర్చుకున్న దూరం ఆ వేళ్ళల్లో అలాగే ఉండిపోయింది. నేను మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాను. కుర్రాడికి ఏమీ అర్థం కాకపోయినా నోరు మూసుకున్నాడు, అది వాడికి మొదటిసారి అనుకుంటాను.

"వేసవి దాకా చోటుందా నీకు అక్కడ?" అంది ఆవిడ.

"వేసవి దాకే మేడమ్. మీకెలా తెలుసు?"

"మీ గైడు రిటైరవుతున్నాడని తెలుసు. నీలా దీవుల్ని చీకట్లో వెలిగించి చూసేది ఆయన ల్యాబొకటే కదా." నా వేళ్ళు ఒకసారి నొక్కింది. "నా దగ్గరా ఓ చీకటి గది ఉంది. మైక్రోస్కోపు కొత్తదే. చూసి నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళే లేరు. టీకి వెళ్ళకుండా కూర్చుంటానంటే వచ్చెయ్. వస్తావా?"

వస్తానని అనాలి. ఒక్క మాట. అన్నయ్య నేర్పాడు, మాస్టారు నేర్పాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అవి ఆవిడకి కనపడవు. ఆ మాటకి బదులు ఆవిడ అరచేతిలో నా వేళ్ళు ఆ అంచు నుంచి ఈ అంచుకి పరుగెత్తించాను.

"ఇంకా వేళ కాలేదమ్మాయ్," అంది నవ్వుతూ. "ఈసారికి ఒప్పుకుంటున్నాలే. ఇంతకీ, నీ పేరేంటి?"