ఏనుగుల వాక్యం

గేటు తెరవగానే పరీక్ష రాసిన పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చిపడ్డారు. గోపన్‌పల్లి దగ్గర ఆ ఇంజనీరింగ్ కాలేజీ ముందు కాలు పెట్టే సందు లేదు. దేవిశ్రీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నీలం గొడుగు ఎత్తి పట్టుకుని నిలబడింది. గొడుగు మీద ఆమె పనిచేసే కోచింగ్ సెంటర్ పేరుంది. దాన్ని చూసి తన విద్యార్థులు వచ్చి చేరాలి.

పరీక్షల రోజుల్లో కోచింగ్ సెంటర్లన్నీ చేసే పనే ఇది. కంప్యూటర్ మీద రాసే పరీక్ష కాబట్టి పేపర్ బయటికి రాదు. ప్రశ్నలు పిల్లల బుర్రల్లోనే బయటికి రావాలి. అందుకని లోపలికి పంపే ముందే వాటాలు వేస్తారు. మొదటి ఐదూ నువ్వు గుర్తుపెట్టుకో, తర్వాతి ఐదూ నువ్వు. బయటికి రాగానే ఆ వేడి మీదే అప్పజెప్పాలి. సాయంత్రం యూట్యూబ్ లైవ్‌లో మేడమ్ వాటిని విడమరిచి చెబుతుంది.

దేవిశ్రీ చెప్పేది ఇంగ్లిష్. అందులోనూ తప్పులు పట్టే ప్రశ్నలంటే ఆమె పేరే చెబుతారు. ఒక వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఇస్తారు. ఏ ముక్కలో తప్పుందో రెప్పపాటులో పట్టుకోవాలి. మియాపూర్‌లో ఆ విద్య ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు బ్యాంకుల్లో, రైల్వేల్లో చాలామందే ఉన్నారు.

అందరికంటే ముందు భూలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. శంకర్‌పల్లి అవతలి ఊరి పిల్ల, మియాపూర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది.

"మేడమ్, మీ నోట్ల చక్కెర పొయ్యాలె," అంది రొప్పుతూ. "ఏనుగులొచ్చినయ్."

"ఏ ఏనుగులే?"

"నిన్న లైవ్‌ల చెప్పిన్రు గద. రెండేనుగులు వరదొచ్చిన వంతెన దాటనన్నయని. గదే వాక్యం. కామా గూడ మారలే."

వెనకే వచ్చిన ప్రశాంత్ నవ్వాడు. "మేడమ్‌కు పేపర్ తయారుచేసెటోడు కలల కనిపిస్తడంట. రేపటిది గూడ అడుగుండ్రి మేడమ్, మా తమ్ముడున్నడు."

పిల్లలంతా నవ్వారు. దేవిశ్రీ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నిన్న లైవ్ చివర్లో ఎప్పటిలాగే "ఆఖరి పది" చెప్పింది. పరీక్ష ముందు రోజు నోటికొచ్చిన పది వాక్యాలు, పిల్లల చెయ్యి తిరగడానికి. 'నైదర్ ఆఫ్ ది టూ ఎలిఫెంట్స్ వర్ రెడీ' అంటూ మొదలయ్యే వాక్యం తనంతట తనే నాలుక మీదికి వచ్చింది. 'వర్' కాదు, 'వాజ్' అని చెప్పి ముందుకెళ్లిపోయింది. ఏళ్ల తరబడి వాక్యాల్లోనే బతికేవాళ్లకు ఏ వాక్యం ఎక్కడ చదివారో గుర్తుండదు. పాత పేపరో, పుస్తకమో, తను అల్లిందో, అన్నీ ఒకే కుండలో పడిపోతాయి.

కానీ ఈ ఏనుగులు ఎక్కడివో ఆటో ఎక్కాక గుర్తొచ్చింది.

క్లియర్‌లైన్. రాయదుర్గంలో ఆఫీసున్న చిన్న కంపెనీ. ఖాళీ సమయంలో చేసుకునే పని కావాలంటే చలపతిరావు ఇప్పించాడు. కోచింగ్ సెంటర్ ఆయనదే. ఇంట్లో లాప్‌టాప్ తెరిస్తే వాక్యాలు ఒక్కొక్కటే వస్తాయి. తప్పున్న ముక్క మీద నొక్కాలి, కారణం ఒక్క ముక్కలో రాయాలి. మాక్ టెస్టులకు క్వాలిటీ చెక్ అన్నారు. ఆ మాక్ టెస్టులు ఏ యాప్‌లో వచ్చాయో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఇది బయటపడితే దొంగతనం జరిగిన ఇంట్లో దొరికే వేలిముద్రలు తనవే అవుతాయి. జైలు సంగతి తర్వాత. ఇక ఏ క్లాసులోనూ బోర్డు ముందు నిలబడనివ్వరు. తనకున్నదల్లా ఆ పేరొక్కటే.

మియాపూర్ చేరేసరికి చలపతిరావు ఫ్లెక్సీ వాడితో ఫోన్లో ఉన్నాడు. "మేడమ్ ఫొటో పెద్దదిగా వెయ్యవయ్యా. 'నిన్న చెప్పాం, ఇవాళ వచ్చింది.' అంతే, ఇంకేం రాయొద్దు. మెట్రో స్టేషన్ ఎదురుగా కట్టాలి." ఫోన్ పెట్టేసి చేతులు జోడించాడు. "రామ్మా సరస్వతీదేవీ. నిన్నటి వీడియో లక్ష దాటింది."

"సార్, ఆ ఫ్లెక్సీ ఆపించండి."

"ఫొటో బాలేదా? వేరేది పంపు."

"ఆ వాక్యం నేను ఊహించింది కాదండి. ముందే చూశాను. మీరిప్పించిన పనిలో."

చలపతిరావు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారాయి. లేచి గది తలుపు దగ్గరికి వేశాడు. అంతా విన్నాడు. ఆ పని గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"ఎవరితోనైనా అన్నావా?"

"మీతోనేనండి మొదట."

"మంచిపని చేశావు. కాకతాళీయం అయ్యుంటుందమ్మా. ఇంటికెళ్లి కాస్త భోంచెయ్. నేను కనుక్కుంటాను."

ఆమె మదీనాగూడలోని తన ఫ్లాట్ తాళం తీస్తుండగానే ఫోన్ మోగింది. క్లియర్‌లైన్ మేనేజర్ పార్థసారథి. ఇన్నాళ్లలో ఆయన ఫోన్ చేసింది ఒకటి రెండుసార్లే.

"దేవిశ్రీ గారూ, ఏనుగుల్ని చూసి భయపడుతున్నారట," అన్నాడు మెత్తగా. "ఒకసారి ఆఫీసుకి రండి. కారు పంపాను. కిందే ఉంది."

తను చెప్పింది ఒకే ఒక్క మనిషికి. దేవిశ్రీ బాల్కనీలోంచి కిందికి చూసింది. తెల్ల కారు. డ్రైవర్ బయట నిలబడి సరిగ్గా ఆమె బాల్కనీ వైపే చూస్తున్నాడు.

వెళ్లకపోతే ఏమవుతుందో తెలియదు. వెళితే కనీసం ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. చెప్పులు వేసుకుంది.

రాయదుర్గంలో అద్దాల టవర్. లిఫ్ట్ తెరుచుకునేసరికి ఇద్దరు మనుషులు కుర్చీలు దొర్లించుకుంటూ సామాన్ల లిఫ్ట్ వైపు పోతున్నారు. గోడల మీద బోర్డులు ఊడదీసిన గుర్తులున్నాయి. మిగిలిన ఒక్క బల్ల వెనక పార్థసారథి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ఏ ఐటీ కంపెనీలోనైనా కనిపించే మొహం.

"టీ చెప్పలేను, మెషీన్ కూడా పంపేశాం," అని నవ్వాడు. "కూర్చోండి."

"ఆ వాక్యాలు మాక్ టెస్టువి కావు కదండీ."

"కావు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఒప్పుకున్నాడంటే తను ఇంకెవరికీ చెప్పలేదన్న ధీమా ఉండాలి.

"పేపర్ సంపాదించడం పెద్ద పని కాదండి," అన్నాడు, క్లాసు చెబుతున్నట్టు. "కానీ జవాబులు దాంతోపాటు రావు. పిల్లలకి ప్రశ్న ఇచ్చి ఏం లాభం, జవాబు తెలియకపోతే? లెక్కలు ఎవరైనా చేస్తారు. ఇంగ్లిష్ దగ్గరే తేడా వస్తుంది. మంచి మనిషి కావాలి. మీ చలపతిరావు గారు మీ పేరు చెప్పారు. ఒక్క జవాబు కూడా తప్పు పోలేదు. మా వాళ్లు చాలా మెచ్చుకున్నారు."

దేవిశ్రీకి ఇప్పుడు తెలిసింది. తను తప్పులు సరిచూడలేదు. దొంగిలించిన పేపర్‌కు జవాబుల కీ తయారుచేసింది.

"మీరు లైవ్‌లో నోరు జారారని వినగానే నాక్కూడా చెమటలు పట్టాయి," పార్థసారథి ముందుకు వంగాడు. "తర్వాత ఆలోచిస్తే మాకు మేలే జరిగింది. ఇవాళ మా దగ్గర పేపర్ కొన్న కొందరు పిల్లలు మరీ తొందరగా ముగించేశారట. పరీక్ష పెట్టేవాళ్లు అడుగుతున్నారు. రేపు ఇంకా అడుగుతారు. వాళ్లకి ఇన్ని మార్కులు ఎలా వచ్చాయంటే ఒక సమాధానం ఉండాలి. మేడమ్ లైవ్ చూశాం, మేడమ్ చెప్పినవే వచ్చాయి అంటారు. ఎంత బావుంది చెప్పండి." ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. "రేపు ఆఖరి రోజు. ఇవాళ సాయంత్రం మీ 'ఆఖరి పది'లో రేపటి పేపర్‌లోని ఈ వాక్యాలు కలపండి. అన్నీ కాదు, కొన్ని. అనుమానం రాకూడదు కదా."

"నేను చెప్పనంటే?"

"కీ ఎవరు రాశారో పోలీసులకు తెలుస్తుంది. మీ లాప్‌టాప్, మీ లాగిన్, మీ భాష. మేమెవరం? రేపటికి ఈ గదిలో ఎవరూ ఉండరు." అతను కుర్చీలోంచి లేచాడు. "చెబితే మీరు ఈ ఊళ్లో నంబర్ వన్ ఫ్యాకల్టీ. చెప్పకపోతే నంబర్ వన్ ముద్దాయి. డ్రైవర్ మధుకర్ దింపుతాడు."

రెండు దారులూ ఒకే చోటికి వెళ్తాయని ఆమెకు లిఫ్ట్‌లో అర్థమైంది. ఇవాళ ఆ వాక్యాలు చదివితే రేపు వాళ్లు ఏం చెయ్యమంటే అది చెయ్యాలి. ఎప్పుడు దొరికిపోయినా దొరికేది తన మొహమే.

కారులో మధుకర్ అద్దంలోంచి చూశాడు. "మేడమ్, ఫోన్ జర ఇయ్యుండ్రి."

"ఎందుకు?"

"సారు చెప్పిండు. లైవ్ అయినంక ఇస్త. ఫికర్ చెయ్యకుండ్రి, చార్జింగ్ గూడ పెడ్త."

దేవిశ్రీ ఫోన్ ఇచ్చేసింది. కొత్తగూడ దగ్గర ట్రాఫిక్‌లో కారు నత్తలా కదిలింది. పోలీస్ జీపు ఒకటి పక్కనే ఆగింది. దేవిశ్రీ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. లాక్ పడి ఉంది. మధుకర్ పాట సౌండ్ కొంచెం పెంచాడు.

కోచింగ్ సెంటర్ పై అంతస్తులో స్టూడియో. కింది హాల్లో సాయంత్రం బ్యాచ్ పిల్లలు తెర మీద అదే లైవ్ చూస్తారు. చలపతిరావు ఆమె కళ్లలోకి చూడకుండా మైకు సరిచేశాడు. మధుకర్ తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎర్ర లైటు వెలిగింది.

దేవిశ్రీ మొదటి వాక్యం రాసింది. తనదే. రెండోదీ తనదే. తప్పు చూపించింది, కారణం చెప్పింది. గొంతు వణకలేదు, అలవాటు అలాంటిది. మూడోది పార్థసారథి ఇచ్చిన కాగితంలోది. బోర్డు మీద సగం రాసి ఆగింది.

"ఈ వాక్యం రేపటి పేపర్‌లో ఉంది," అంది.

చలపతిరావు కెమెరా వెనక నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. స్క్రీన్ పక్కన హార్ట్‌లు, చప్పట్లు జలజలా కురిశాయి. 'మేడమ్ మళ్లీ మొదలెట్టింది', 'పక్కా వస్తది'. ఏ కోచింగ్ సెంటర్ లైవ్‌లోనైనా ప్రతి సాయంత్రం వినిపించే మాటే అది. గ్యారంటీగా వస్తుంది, రాసిపెట్టుకోండి, రాకపోతే నన్నడగండి. ఆ ఊపులో నిజం కూడా ప్రకటనలాగే వినబడింది. ఎవరూ ఉలిక్కిపడలేదు.

ఆమె మార్కర్ కింద పెట్టింది. కెమెరా దగ్గరికి వచ్చింది.

"ఇది పబ్లిసిటీ కాదు. నేను ఊహించలేదు. రేపటి పేపర్ బయటికి వచ్చేసింది, నా చేతికి ముందే ఇచ్చారు. దానికి కీ రాసింది నేనే. మాక్ టెస్టు అని చెప్పారు, నమ్మాను. నిన్నటి ఏనుగుల వాక్యం కూడా అందులోదే. ఇచ్చింది క్లియర్‌లైన్‌లో పార్థసారథి. నన్ను అక్కడ చేర్చింది మా చలపతిరావు గారు. పరీక్ష పెట్టేవాళ్లు ఎవరైనా చూస్తుంటే రేపటిది ఆపండి."

హార్ట్‌లు ఆగిపోయాయి. చలపతిరావు వైరు పట్టుకుని లాగాడు. ఎర్ర లైటు ఆరింది.

మధుకర్ లేచి తలుపు గడియ పెట్టాడు. తొందరేం లేనట్టు ఎవరికో ఫోన్ చేశాడు. "సార్, చెప్పేసింది." అవతలి మాట విన్నాడు. "ఏం జెయ్యమంటరు మరి?"

"ఎంత పని చేశావమ్మా," అన్నాడు చలపతిరావు. ఆయన చేతిలో ఇంకా వైరుంది. "ఏం తక్కువ చేశాను నీకు?"

దేవిశ్రీ వెనక్కి జరిగి బోర్డుకు ఆనుకుంది. మధుకర్ ఫోన్ జేబులో పెట్టుకుని ఆమె వైపు రెండడుగులు వేశాడు. అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. కింది హాలు మొత్తం పైకి వస్తోంది. తలుపు దబదబా మోగింది.

"మేడమ్, లోపల్నే ఉన్నరా?" భూలక్ష్మి గొంతు. "తలుపు తీయిండ్రి సార్. పోలీసులకు ఫోన్ కొట్టినం. తీస్తరా, ఇరగ్గొట్టమంటరా?"

మధుకర్ గడియ తీసి, పిల్లల్ని తోసుకుంటూ కిందికి దిగిపోయాడు. అతన్ని పట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అందరూ మేడమ్‌నే చూస్తున్నారు. ఆ చూపుల్లో జాలి ఉంది, అనుమానమూ ఉంది.

ఆ రాత్రి పోలీస్ స్టేషన్‌లో మహిళా ఇన్‌స్పెక్టర్ ఆమెకు మంచినీళ్లు ఇప్పించింది.

"రేపటి పరీక్ష ఆపేసిన్రు," అంది. "అయితే ఒక మాట. మావాళ్లు ఆ ఆఫీసు చూసొచ్చిన్రు. కుర్చీ గూడ లేదు. పార్థసారథి అనే పేరు మీద ఆ ఫ్లోర్ కిరాయికి తీస్కున్నోళ్లే లేరు. మీ చలపతిరావేమో మీరే పేపర్ అమ్ముకున్నరని ఫిర్యాదు ఇచ్చిండు. ఇప్పుడు నా ముందట ఉన్నది మీరొక్కరే."

"తెలుసండి."

"జర ఆలోచించి చెప్పుండ్రి. భయపడి లైవ్‌ల ఏదో మాట్లాడిన, వాక్యాలు మాత్రం ఊహించి చెప్పిన అన్నరనుకోండి, ఊహించుడు నేరం కాదు. కీ నేనే రాసిన అని ఇక్కడ రాయించిన్రంటే మొదటి ముద్దాయి మీరే. తర్వాత కోర్టుల ఏమైతదో నేను చెప్పలేను."

ఊహించానంటే చాలు. రేపు మళ్లీ బోర్డు ముందు నిలబడొచ్చు. కానీ వాళ్లు ఇంకో ఊళ్లో ఇంకో ఫ్లోర్ తీసుకుంటారు. ఎప్పుడో ఒక సాయంత్రం తెల్ల కారు మళ్లీ బాల్కనీ కింద ఆగుతుంది.

"ఊహించలేదండి," అంది దేవిశ్రీ. "కీ నేనే రాశాను. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ ముందున్న కానిస్టేబుల్‌కు తలూపింది.

దేవిశ్రీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టింది. సగం తెరిచిన తలుపులోంచి వరండా కనిపిస్తోంది. ఫిర్యాదు ఇచ్చినవాడు కదా, చలపతిరావు బల్ల మీద దర్జాగా కూర్చుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, ఆమె వైపే చూస్తున్నాడు.

"అవునండి," అన్నాడు ఫోన్లో, మెల్లగా. "అంతా చెప్పేస్తోంది."

ఆ మాటకు కానిస్టేబుల్ తలెత్తి వరండా వైపు చూశాడు. దేవిశ్రీ మాత్రం చెప్పడం ఆపలేదు.