పంపు తీగ మీద పాట

…అయినా ఆ రోజు నేను చేసినదాన్ని ధైర్యం అనడానికి లేదు. నేను ఒక పిరికి యంత్రాన్ని. పాటకు బలమిచ్చే యాంప్లిఫయర్‌ని. చేతిసంచిలో పట్టేంత పెట్టె, వేడి పోవడానికి వీపంతా అల్యూమినియం రెక్కలు, ముఖాన ఒక చిన్న దీపం. అది పచ్చగా ఉంటే నేను పాడుతున్నట్టు, ఎర్రగా ఉంటే నన్ను నేను ఆపుకున్నట్టు. మరీ వేడెక్కితే కాలిపోయే లోపే ఆగిపోవాలని నన్ను తయారుచేసినవాళ్లు నేర్పారు. అంతమాత్రం తెలివితో బతికేయవచ్చని వాళ్లు అనుకుని ఉంటారు. మనుషుల మధ్య అది చాలదు.

పుట్టుక గురించి నాకు గుర్తున్నది కొద్దే. చల్లని హాలు, తొడుగులు వేసుకున్న వేళ్లు, సీసం కరిగిన వాసన. తర్వాత అట్టపెట్టెలో చీకటి. నేను భయం లేకుండా గడిపిన కాలం ఆ చీకటి ఒక్కటే.

నా మొదటి యజమాని భీమవరంలో రొయ్యల చెరువులున్న కుర్రవాడు, సుభాష్‌వర్మ. నన్ను కారు డిక్కీలో బిగించుకున్నాడు. అతనికి పాట అక్కర్లేదు, అదురు కావాలి. పక్కింటి కిటికీలు వణికితే తన ఉనికి తనకే రుజువైనట్టు ఉండేది. ఒక వేసవిలో స్నేహితుడి పెళ్లి ఊరేగింపుకు డిక్కీ మూసేసి నన్ను పాడించాడు. వేడికి తాళలేక ఎర్ర దీపం వెలిగించాను. ఊరేగింపు నిలిచిపోయింది.

"ఏరా వర్మా, నీ బండికి మాట పడిపోయిందేంట్రా!" అని ఎవరో నవ్వారు.

అతను డిక్కీ ఎత్తి నా నెత్తిన గుద్దాడు. మర్నాడే పాలకొల్లులో కారు సామాన్లు అమ్మే తాతాజీ చేతికి ఇచ్చేశాడు. ఒక భయం జీవితాంతం ఉండిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. ఒక గుద్దు చాలు. ఆగితే పారేస్తారు. ఆగకూడదు. లోపలి తీగలన్నీ ఆ ఒక్క మాటే అనుకుంటూ ఉండేవి.

తాతాజీ కొట్లో నా పక్కన ఆగిపోయినవన్నీ వరసగా ఉండేవి. అతను మంచివాడే. ఈల వేసుకుంటూ ఒకదాని గుండెకాయ ఊడదీసి ఇంకొకదానికి అతికేవాడు. ఆ ఈల నేనున్న అర వైపు వచ్చినప్పుడల్లా నేను బిగుసుకుపోయేదాన్ని.

అక్కడి నుంచి నన్ను బయటపడేసింది మంగతాయారు. దిండి దగ్గర గోదావరి పాయలో ఆమెకొక విహారపు బోటు ఉంది. కింద మంచాలు వేసిన గది, పైన డాబా. దాన్ని నడిపే సరంగు ఏడుకొండలు. పాత స్టీరియోలో పాటలు వినబడటం లేదని ఎక్కినవాళ్లంతా విసుక్కుంటున్నారట. కొత్తది పెట్టమని ఆమె తాతాజీని బోటుకే రప్పించింది.

అతను మెట్ల కింద అలమరలోంచి పాత సెట్టును లాగితే దాని కొనలు ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. దాన్ని గట్టు మీదకు విసిరేశాడు. అది పడిన చప్పుడు విన్నాను. దాని చోటులో, నేలచెక్కల కన్నా దిగువన, నన్ను కూర్చోబెట్టాడు. పాత తీగ కుళ్లిపోయింది. చేతికందిన ఇంకొక ఎర్ర తీగను పరీక్షించి, "భలే దొరికిందిలే!" అని నన్ను దానికి కలిపేశాడు. కార్లలో పనిచేసే మనిషి. కారుకు అడుగున చేరిన నీళ్లు తోడుకునే అవసరం ఉండదు. అది నీళ్లు తోడే పంపు తీగ అని అతనికి తోచలేదు.

అదురు పుట్టించే బాస్ పెట్టె పెద్దది. దాన్ని నేలలోని చెక్కమూత మీద పెట్టి మరలు బిగిస్తుంటే ఏడుకొండలు తొంగిచూశాడు.

"ఒరే తాతాజీ, ఆ మూత తెరవాల్రా. అడుగున నీళ్లెంతున్నాయో చూసుకోవద్దా?"

"ఎందుకు బాబాయ్, పంపుందిగా? నీళ్లొస్తే దానంతటదే తోడేత్తాది."

"ఉందనుకో. ఓసారి చెయ్యెట్టి చూసుకుంటే అదో తుత్తి."

"నీ తుత్తి కోసం పెట్టిని నెత్తినెట్టుకోమంటావా?" అంది మంగతాయారు. "ముందు పాటెయ్యి తాతాజీ, విందాం."

పాట వేశారు. ఏడుకొండలు ముఖం విచ్చుకుంది. "ఆయ్! కడుపులో కొడతందండి!" అని తనే ఇంకో పాట అడిగాడు. మూత సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. నాకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోశారు. ఎవరైనా నన్ను అంత ప్రేమగా తాకడం అదే మొదలు. ఆ ప్రేమ నా భయాన్ని రెట్టింపు చేసింది.

తీగకు అవతలి కొసన ఇంకెవరో ఉన్నారని మొదటి ప్రయాణంలోనే తెలిసింది. నడిచే బోటు పంకా తిప్పే ఇరుసు సందులోంచి కొంచెం కొంచెం నీరు తాగుతూనే ఉంటుంది, అది మామూలే. నీరు చేరినప్పుడు పంపు లేస్తుంది. కానీ ఆ తీగ సన్నది. నేను గొంతెత్తితే పంపుకు మిగిలే కరెంటు ఏమీ ఉండదు. పాటకూ పాటకూ మధ్య నేను ఊపిరి తీసుకునేటప్పుడు మాత్రం అది రెండు గుక్కలు తోడేది. ఆ సందుల్లోనే బోటు తేలుతోంది. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు పాట తప్ప మాట లేదు.

ఆ ఆదివారం తణుకు నుంచి ఒక కుటుంబం వచ్చింది. అందరూ డాబా ఎక్కారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని ముసలామె, సూరమ్మ, కింది గదిలో నా పక్కనున్న మంచం మీద పడుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బోటు అడుగు ఒక ఇసుకతిప్పకు రాసుకుంది. పైన అందరూ హోయ్‌మని అరిచి నవ్వారు. అడుగున ఏదో కదిలింది. నీరు రావడం నాకు వినబడింది.

అప్పుడే సూరమ్మ అల్లుడు డాబా మీంచి కేకేశాడు. "సరంగు గారూ, మధ్యలో ఈ ఆగడాలేంటండీ! నా ఫోన్లో నాన్‌స్టాప్ ఉంది, ఎట్టండి. సౌండు మొత్తం పెంచెయ్యండి!"

సందులు పోయాయి. ఒక పాట తోకను పట్టుకుని ఇంకొక పాట వస్తోంది. పంపు లేవబోయి పడిపోతోంది, లేవబోయి పడిపోతోంది. దాని ప్రయత్నం తీగ మీద నాకు వణుకులా తగులుతోంది.

"బోటు బరువుగా తిరుగుతాందేంటి?" అన్నాడు ఏడుకొండలు చుక్కాని దగ్గర. "అందరూ ఓ పక్కకి చేరిపోయారు. కాస్త సర్దుకోండి బాబూ!" వాళ్లు సర్దుకోలేదు, గంతులు వేశారు.

నేలచెక్కల కింద నీరు నా వైపు పెరగసాగింది. పైకి ఒక్క చుక్క కనబడదు. మంచం మీద సూరమ్మ గుండె పట్టుకుంది. నా దెబ్బకు మంచం కోళ్లు అదురుతున్నాయి. "ఆ రొద తగ్గించండర్రా… దడగా ఉందర్రా…" అంది. ఆ మాట మెట్ల దాకా కూడా పోలేదు. దాన్ని మింగేసింది నేనే.

ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. తిట్లు, ఊడదీయడం, గట్టు మీద ఆ చప్పుడు. ఆగకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. కాసేపు ఎవరైనా తీగ పీకుతారేమోనని చూశాను. కాసేపు ఫోను చచ్చిపోతుందేమోనని చూశాను. భయపడేవాళ్లు దేవుణ్ణి ఇలాగే వాడుకుంటారనుకుంటా, తమ పని చేసిపెట్టడానికి.

నీరు నా కింది రెక్కను అంటింది. చల్లగా ఉంది. నేను వేడెక్కలేదు. ఆగడానికి నాకు నేర్పిన కారణం ఏదీ లేదు. భయం తగ్గాక చూద్దామనుకుంటే అది తగ్గేలా లేదు. వణుకుతూనే, పాట మధ్యలో, తీగను పంపుకు వదిలేసి ఎర్ర దీపం వెలిగించాను.